బీఎంఐ 24.2. ఇక్కడ ఓవర్‌వెయిట్, అమెరికాలో నార్మల్. ఏది పట్టించుకోవాలి?

గోదారిగట్టు
అందరికీ నమస్తే. మొన్న మా ఆఫీసులో హెల్త్ క్యాంపు పెట్టారు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 70 కేజీలు, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క) 24.2 అని రాసి, పక్కన ఓవర్‌వెయిట్ అని ఎర్ర పెన్నుతో చుట్టి ఇచ్చారు. నాకు 36 ఏళ్ళు. ఇప్పటిదాకా ఒక్కరోజు కూడా లావుగా ఉన్నానని అనుకోలేదు, ఇంట్లోవాళ్ళు కూడా ఎప్పుడూ అనలేదు.

ఆ రాత్రి డాలస్‌లో ఉన్న మా అన్నయ్యకి ఫోన్ చేస్తే, వాడికి 24.7 ఉందట, వాళ్ళ డాక్టర్ నార్మల్ అన్నారట. ఒకే అమ్మ కడుపున పుట్టాం, నాకన్నా వాడి అంకే ఎక్కువ, అయినా వాడు నార్మల్, నేను ఓవర్‌వెయిట్. అదే క్యాంపులో నా పక్క సీటు అతనికి 21.6 వచ్చింది, పచ్చ పెన్నుతో టిక్కు పెట్టారు. అతని పరగడుపు షుగర్ మాత్రం 118. ఆ కాగితం చేత్తో పట్టుకుని ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అసలు ఈ అంకె దేనికి పనికొస్తుంది? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి. నాన్నగారికి షుగర్ ఉంది కాబట్టి నాకు కాస్త టెన్షన్‌గానే ఉంది.

ఉక్కునగరం
బ్రదర్, ఆ కాగితం పక్కన పెట్టేయండి. నా ఎత్తు 173, బరువు 82. బీఎంఐ 27.4, మన లెక్కలో ఊబకాయం కిందికే వస్తుంది. ఎనిమిదేళ్ళుగా వారానికి ఐదు రోజులు బరువులు ఎత్తుతున్నాను. నడుము 83 సెంటీమీటర్లు, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అన్నీ బాగున్నాయి. కండకీ కొవ్వుకీ తేడా తెలియని లెక్క అది. మన వస్తాదు కోడి రామ్మూర్తి నాయుడు గారిని ఈ లెక్కలో కూర్చోబెడితే ఆయన్నీ రోగి అని రాసేవాళ్ళు.

ఇంకో సంగతి. దీన్ని కనిపెట్టినాయన డాక్టరే కాదు. క్వెట్లే అని బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త, గణాంకాల మనిషి. 1830లలో 'సగటు మనిషి' ఎలా ఉంటాడో లెక్క కట్టాలని జనం ఎత్తులూ బరువులూ పోగుచేశాడు. అంతే తప్ప ఎవరికి జబ్బు వస్తుందో చెప్పడానికి కాదు.

పీహెచ్‌సీ_డాక్టర్
ఉక్కునగరం గారు చెప్పిన చరిత్ర నిజమే, ఆయన ఒంటి విషయంలో ఆయన మాటా నిజమే. కానీ "పక్కన పెట్టేయండి" అన్నదానికి మాత్రం నేను ఒప్పుకోను. ముప్ఫై ఏళ్ళు ఓపీలో కూర్చున్నవాణ్ణి, కొంచెం ఓపిగ్గా చదవండి.

పెద్దవాళ్ళలో బరువు దాదాపుగా ఎత్తు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని క్వెట్లే గమనించాడు. అందుకే బరువును కేజీల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి, దాంతో భాగిస్తాం. గోదారిగట్టు గారికి 1.70ని 1.70తో గుణిస్తే 2.89, 70ని దాంతో భాగిస్తే 24.2. పొడుగు మనిషినీ పొట్టి మనిషినీ ఒకే గీత మీద నిలబెట్టే ఉపాయం ఇది, అంతకు మించి ఏమీ కాదు. బాడీ మాస్ ఇండెక్స్ అన్న పేరు పెట్టింది 1972లో ఆన్సెల్ కీస్, ఆయనతో పనిచేసినవాళ్ళు. ఐదు దేశాల్లో వేలమందిని కొలిచి, చర్మం కింద కొవ్వు మందంతో పోల్చి చూసి, ఉన్న లెక్కల్లో ఇది కాస్త నయం అన్నారు. వాళ్ళు కొలిచిందంతా మగవాళ్ళనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇక రెండు గీతల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ చెప్పేది 18.5 నుంచి 24.9 దాకా నార్మల్, 25 నుంచి ఓవర్‌వెయిట్, 30 నుంచి ఊబకాయం. ఆసియావాళ్ళకి అంతకంటే తక్కువ బరువులోనే షుగరు, గుండె జబ్బులు వస్తున్నాయని చూసి 2004లో ఆ సంస్థ నిపుణులే 23 దగ్గర, 27.5 దగ్గర అదనంగా గుర్తులు పెట్టారు. పాత గీతలు చెరపలేదు, వాటి పక్కన ఇవి గీశారు. 2009లో మన దేశంలో నిపుణులు కూర్చుని 23 నుంచి 24.9 ఓవర్‌వెయిట్, 25 దాటితే ఊబకాయం అని తేల్చారు. మీ క్యాంపువాళ్ళు ఈ 23 గీత వాడారు, మీ అన్నయ్య డాక్టర్ ఆ 25 గీత వాడారు. ఇద్దరూ లెక్క తప్పలేదు.

కానీ మీరు డాలస్‌లో ఉన్నా రాజమండ్రిలో ఉన్నా ఒళ్ళు అదే కదా. మీ అన్నయ్యకి కూడా 23 గీతే వర్తిస్తుంది.

సన్నజాజి
డాక్టర్ గారూ, నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదివి వెళ్ళిపోతాను. కానీ ఆ పక్క సీటు అబ్బాయి గురించి చదివాక ఉండబట్టలేక రాస్తున్నాను.

నా ఎత్తు 155, బరువు 50, బీఎంఐ 20.8. ఎవరింటికి వెళ్ళినా "నీకేంటమ్మా, సన్నజాజి తీగలా ఉన్నావు" అనేవాళ్ళు, అందుకే ఈ పేరు పెట్టుకున్నాను. పెళ్ళినాటి బ్లౌజులు చేతుల దగ్గర ఇప్పటికీ సరిపోతాయి. రెండో కాన్పులో షుగర్ వచ్చింది, ప్రసవం అయ్యాక తగ్గిపోయిందన్నారు, ఆ తర్వాత పన్నెండేళ్ళు నేనూ చూపించుకోలేదు, ఎవరూ చూపించుకోమనీ అనలేదు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా మనిషిని చూసి, బరువు చూసి, మీకు అక్కర్లేదు అనేవాళ్ళు. 44వ ఏట కళ్ళజోడు నంబరు తరచూ మారుతోందని కంటి డాక్టర్ దగ్గరికి వెళితే, ఆవిడ షుగర్ టెస్టు రాశారు. మూడు నెలల సగటు షుగర్ చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 7.4 శాతం. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 260. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్.

అప్పుడు నడుము కొలిస్తే 84 సెంటీమీటర్లు. చేతులూ కాళ్ళూ పుల్లల్లా ఉండి పొట్ట మాత్రం ముందుకి ఉంటుంది నాకు, చీర కుచ్చిళ్ళ వెనకాల ఎవరికీ కనిపించదు. నేను మాత్రం కాన్పుల వల్ల వచ్చిన పొట్టే అనుకున్నాను. లావుగా ఉండే మా తోటికోడలు ఏటా పరీక్షలు చేయించుకుంటుంది, ఎందుకంటే ఆవిడకి ప్రతివాళ్ళూ చెబుతారు. నాకు ఒక్కరు కూడా చెప్పలేదు. బీఎంఐ వల్ల లావుగా ఉన్నవాళ్ళకి అన్యాయం జరుగుతోందని అందరూ అంటారు, నావరకు నాకు దానివల్ల పోయినవి ఆ పన్నెండేళ్ళు.

ఉక్కునగరం
అక్కా, చదువుతుంటే బాధేసింది. నేను ఒకవైపు నుంచే ఆలోచించాను. ఎక్కువ వస్తే పట్టించుకోకండి అన్నాను కానీ తక్కువ వచ్చినవాళ్ళు ధీమాగా ఉండిపోతారన్న ఆలోచన రాలేదు.

తార్నాక_టీచర్
సన్నజాజి గారూ, మీ ఒంటి తీరుకి వైద్యంలో ఒక ప్రసిద్ధమైన ఫోటో ఉంది. మా పిల్లలకి క్లాసులో దీని గురించే చెబుతాను. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పుణెలో షుగర్ మీద పనిచేసే డాక్టర్ యాజ్ఞిక్, ఇంగ్లండ్‌లో ఆయన స్నేహితుడు డాక్టర్ యడ్కిన్, ఇద్దరూ తెల్ల చొక్కాలు వేసుకుని పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. స్కానింగ్ తీస్తే యడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. ఒకే అంకె, రెట్టింపుకి మించిన కొవ్వు. తమ ఒళ్ళే సాక్ష్యంగా పెట్టి చూపించారు చూడండి, అందుకే ఆ ఇద్దరంటే నాకు చాలా గౌరవం.

ఇది పెద్దయ్యాక తిండి వల్ల మాత్రమే వచ్చేది కాదని కూడా ఆ పుణె బృందమే చూపించింది. అక్కడి పల్లెల్లో పుట్టిన పిల్లల సగటు బరువు 2.7 కేజీలు, ఇంగ్లండ్ పిల్లలది సుమారు 3.5. బరువులో అంత తేడా ఉన్నా, మన పిల్లల్లో తగ్గింది ఎక్కువగా కండ, పొట్టలోని అవయవాలు. చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అంటే సన్నగా కనిపిస్తూ కొవ్వు దాచుకోవడం కడుపులో ఉన్నప్పుడే మొదలవుతోందన్నమాట. తల్లికి తిండి చాలని ఇళ్ళల్లో పుట్టి, తర్వాత కూర్చుని చేసే ఉద్యోగాల్లోకి వచ్చిన మనలాంటివాళ్ళకి ఇది ఎంత దగ్గరి విషయమో ఆలోచించండి.

కందిపొడి
ఇంత చర్చ ఎందుకండీ, అన్నం మానేస్తే అన్నీ తగ్గుతాయి. మా బావ మూడు నెలలు అన్నం ముట్టకుండా కొబ్బరినూనె తాగి 14 కేజీలు తగ్గాడు.

పీహెచ్‌సీ_డాక్టర్
మీ బావగారు షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతూ అలా చేసి ఉంటే ప్రాణం మీదికి వచ్చేది. అన్నం హఠాత్తుగా మానేసి మాత్రలు అలాగే వేసుకుని, షుగర్ పడిపోయి స్పృహ తప్పినవాళ్ళని నేను చూశాను. ఇది చదివేవాళ్ళలో మందులు వాడేవాళ్ళు ఉంటారు కాబట్టి కటువుగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి.

డాలస్_అక్క
గోదారిగట్టు తమ్ముడూ, మీ అన్నయ్య మా ఊరివాడేనన్నమాట. నేను ఇక్కడ 21 ఏళ్ళుగా ఉంటున్నాను, క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. ఇక్కడి కంప్యూటర్‌లో ఎత్తూ బరువూ ఎక్కించగానే బీఎంఐ అదే వచ్చేస్తుంది, 25 లోపు ఉంటే ఏ గుర్తూ రాదు. రోజుకి ముప్ఫైమందిని చూసే డాక్టర్ గుర్తు రాకపోతే అడగరు. కానీ అమెరికా డయాబెటిస్ సంఘం 2015 నుంచీ చెబుతూనే ఉంది, ఆసియా మూలాలున్నవాళ్ళకి 23 నుంచే షుగర్ పరీక్ష చేయండని. మీ అన్నయ్యని ఈ మాట గట్టిగా అడగమనండి, "నాన్నకి షుగర్ ఉంది, నేను సౌత్ ఏషియన్, నాకు పరీక్ష రాయండి" అని. అడిగితే రాస్తారు. అడక్కపోతే ఏళ్ళు గడిచిపోతాయి, మా తెలుగువాళ్ళలో గుండెకి స్టెంట్లు పడ్డాక తెలుసుకున్నవాళ్ళు నాకు తెలిసి చాలామంది ఉన్నారు.

ఈ గీతలు ఆకాశం నుంచి ఊడిపడలేదు కూడా. 1998కి ముందు ఇక్కడ మగవాళ్ళకి 27.8, ఆడవాళ్ళకి 27.3 దాటితేనే ఓవర్‌వెయిట్. ఆ ఏడాది దాన్ని 25కి దించారు, రాత్రికి రాత్రి కోట్లమంది ఓవర్‌వెయిట్ అయిపోయారు, ఒక్కరి బరువూ ఒక్క కేజీ కూడా పెరగకుండానే. అలాగని గీత ఊరికే గీసిందని కాదు నా ఉద్దేశం. గీతకి ఇటు ఉన్న 24.9కీ అటు ఉన్న 25.1కీ మధ్య ఒంట్లో ఏ గోడా లేదు. అంకె పెరిగేకొద్దీ ప్రమాదం కొంచెం కొంచెంగా పెరుగుతూ పోతుంది, అంతే.

రెండు_జడలు
నాదొక మాట. మీరంతా ఎక్కువ బరువు గురించే మాట్లాడుతున్నారు. నాకు 21 ఏళ్ళు, ఎత్తు 160, బరువు 44.5, బీఎంఐ 17.4. హాస్టల్లో ఉంటాను. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు ఊడిపోతోంది, నెలసరి రెండు నెలలకోసారి. చెబితే మా ఫ్రెండ్స్ "అబ్బా, నీలాగా ఉంటే చాలు" అంటారు. ఇంటికెళితే "ఇలా బక్కచిక్కి ఉంటే సంబంధాలు ఎలా వస్తాయి" అంటారు. రెండు మాటలకీ ఏడుపొస్తుంది. నా ఒంట్లో ఏం జరుగుతోందో అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

పీహెచ్‌సీ_డాక్టర్
అమ్మా, నువ్వు రాసినందుకు సంతోషం, ఇది నేనే ముందు చెప్పాల్సింది. 18.5 కంటే తక్కువ అన్నది కూడా అంతే ముఖ్యమైన గీత. మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సుమారు 19 శాతం ఆ గీత కింద ఉన్నారు, 24 శాతం 25కి పైన ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో పైన ఉన్నవాళ్ళు 36 శాతం, తెలంగాణలో 30 శాతం. ఒకే ఇంట్లో తల్లి పై గీత దాటి, కూతురు కింది గీత దిగి ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. అదే సర్వేలో ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత.

నువ్వు చెప్పిన మూడు లక్షణాలకీ పరీక్ష చేయించుకోవాలి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత. దాంతోపాటు థైరాయిడ్, షుగర్ చూపించు. నెలసరి తప్పుతోందంటే ఒంటికి వచ్చే తిండి చాలడం లేదేమో, అది ఎముకల్ని కూడా దెబ్బతీస్తుంది. హాస్టల్ తిండిలో రోజూ ఒక గుడ్డు, పప్పు, గుప్పెడు వేరుశనగ పప్పు, పెరుగు కలుపుకోగలవేమో చూడు. కడుపు నిండా తిన్నా బరువు పెరగకపోతే, లేదా తినాలంటేనే భయంగా అనిపిస్తుంటే ఆ మాట డాక్టర్‌తో దాచకుండా చెప్పు. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో ఈ పరీక్షలు చేస్తారు.

సన్నజాజి
రెండు జడలూ, నీ మాట నాకు బాగా అర్థమైంది తల్లీ. నాకు మెసేజ్ పెట్టు, నాతో మాట్లాడు.

సూర్యాపేట_రైతుబిడ్డ
డాక్టర్ సాబ్, మా నాయనకి 72 ఏళ్ళు. నిరుడు 64 కేజీలు ఉండె, ఇప్పుడు 58. క్యాంపుల బీఎంఐ 22 అని చెప్పి, "తాతా, మీరు ఫస్ట్ క్లాస్" అని పంపిచ్చిండ్రు. ఆయన డైటింగ్ ఏం చెయ్యలే. కుర్చీల నుంచి లేవాలంటే చేతులు ఆనించి లేస్తుండు. నిజంగనే మంచిగున్నట్టా?

పీహెచ్‌సీ_డాక్టర్
లేదు బాబూ, వెంటనే చూపించు. కావాలని తగ్గకుండా ఏడాదిలో ఆరు కేజీలు తగ్గడం అంటే ఆయన బరువులో దాదాపు పదో వంతు. అంకె ఎంత చక్కగా ఉన్నా సరే, దానికి కారణం వెతకాలి. షుగర్, థైరాయిడ్, టీబీ, పళ్ళు సరిగా లేక తినలేకపోవడం, మనసు బాగోకపోవడం, గడ్డలు, ఏదైనా కావచ్చు.

పెద్దవాళ్ళ విషయంలో బీఎంఐ రెండు రకాలుగా మోసం చేస్తుంది. వయసుతో వెన్నుపూసలు కుంగి ఎత్తు తగ్గుతుంది, ఎత్తు తగ్గితే బరువు పెరగకపోయినా అంకె పెరుగుతుంది. ఇంకోపక్క కండ కరిగి ఆ చోట కొవ్వు చేరితే అంకె ఉన్నచోటే ఉంటుంది. అందుకే అరవై దాటినవాళ్ళలో నేను అంకె కంటే చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలరా, బిందె ఎత్తగలరా, నడక మందగించిందా అని చూస్తాను. మీ నాయన చేతులు ఆనిస్తున్నారన్న ఆ ఒక్క మాట క్యాంపు కాగితం కంటే ఎక్కువ చెప్పింది.

చింతచిగురు
మా పాపకి తొమ్మిదేళ్ళు, బీఎంఐ 19 అని ఆన్‌లైన్‌లో లెక్క కట్టాను, నార్మల్ అనే వచ్చింది. సరిపోతుందా?

డాలస్_అక్క
సరిపోదు. ఆ పట్టిక పెద్దవాళ్ళది. పిల్లలకి వయసునీ, ఆడపిల్లా మగపిల్లాడా అన్నదాన్నీ బట్టి వేరే గ్రాఫులు ఉంటాయి, తొమ్మిదేళ్ళ పాపకి 19 అంటే ఎక్కువే కావచ్చు. ఇండియాలో పిల్లల డాక్టర్ల దగ్గర మన పిల్లల కోసం 2015లో తయారుచేసిన గ్రాఫులు ఉంటాయి, వాటిలో పెట్టి చూడమనండి. పాప ముందు మాత్రం బరువు మాట ఎత్తకండి.

గోదారిగట్టు
ఇన్ని విషయాలు వస్తాయనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు అడగాల్సింది ఒక్కటే. నడుము ఎక్కడ కొలవాలి? నా ప్యాంటు సైజు 34. అంటే 86 సెంటీమీటర్లే కదా, మగవాళ్ళకి 90 హద్దని ఎక్కడో చదివాను, అంటే నేను లోపలే ఉన్నట్టు.

పీహెచ్‌సీ_డాక్టర్
మగవాళ్ళందరూ చేసే తప్పు ఇదే. ప్యాంటు పొట్ట కిందికి జారి కట్టుకుంటారు, పొట్ట ఎంత పెరిగినా సైజు 34 దగ్గరే ఆగి ఉంటుంది. బెల్టు ఉన్నచోటు నడుము కాదు.

టైలర్ దగ్గరుండే గుడ్డ టేపు చాలు. పొద్దున్నే, ఏమీ తినకముందు, చొక్కా తీసి నిలబడండి. పక్కన చెయ్యి పెట్టి చివరి పక్కటెముక ఎక్కడుందో వెతకండి, తర్వాత తుంటి ఎముక పైఅంచు ఎక్కడుందో చూడండి. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టాలి. చాలామందికి అది బొడ్డుకి కాస్త అటూఇటూగా వస్తుంది. టేపు నేలకి సమాంతరంగా ఉండాలి, ఒంటికి ఆనాలి కానీ చర్మం నొక్కుకోకూడదు. పొట్ట లోపలికి పీల్చకండి. మామూలుగా ఊపిరి వదిలి, ఆ వదిలిన చివర అంకె చూడండి. రెండుసార్లు కొలవండి, తేడా వస్తే మూడోసారి.

మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు మన హద్దు. ఇది గుర్తుండకపోతే ఇంకో తేలిక కొలత ఉంది, నడుము మీ ఎత్తులో సగానికి మించకూడదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాల సంస్థ 2022 నుంచి ఇదే చెబుతోంది. సన్నజాజి గారి ఎత్తు 155, సగం 77.5, ఆవిడ నడుము 84. ఉక్కునగరం గారి ఎత్తు 173, సగం 86.5, ఆయన నడుము 83. ఒక దారం ముక్క ఇద్దరి సంగతీ చెప్పేసింది, బీఎంఐ మాత్రం ఇద్దరి విషయంలోనూ తిరగేసి చెప్పింది.

ఇది మన ఒక్కరిద్దరి సంగతి కాదు. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పెద్ద సర్వేలో బీఎంఐ లెక్కన ఊబకాయం ఉన్నవాళ్ళు 28.6 శాతం అయితే, పొట్ట కొలత లెక్కన 39.5 శాతం. ఆ తేడాలో ఉన్నవాళ్ళని బరువు కాగితం ఊబకాయం లెక్కలో చూపించదు.

పొట్ట లోపల, పేగుల చుట్టూ, కాలేయంలో చేరే కొవ్వు ఊరికే మూట కట్టుకుని కూర్చోదు. కొవ్వు ఆమ్లాల్ని కాలేయానికి పంపుతుంటుంది, ఇన్సులిన్ మాట ఒళ్ళు వినకుండా చేస్తుంది. తొడల మీద, పిరుదుల మీద ఉన్న కొవ్వుతో అంత ప్రమాదం ఉండదు. అందుకే ఎంత బరువు అన్నదాని కంటే ఆ బరువు ఎక్కడ ఉంది అన్నది పెద్ద ప్రశ్న.

ఉక్కునగరం
డాక్టర్ గారూ, మా జిమ్‌లో ఒక మెషీన్ ఉంది, చెప్పుల్లేకుండా ఎక్కి రెండు పిడులు పట్టుకుంటే కొవ్వు శాతం, కండ శాతం అన్నీ చెబుతుంది. దాన్ని నమ్మొచ్చా? ఇంకోటి, ఇన్సూరెన్స్ ఫారంలో ఎత్తూ బరువే అడుగుతారు, నడుము అడగరు. నా అంకె చూసి ప్రీమియం పెంచారు. ఇది మాత్రం అన్యాయమే అంటాను.

పీహెచ్‌సీ_డాక్టర్
అన్యాయమే. మీ రక్త పరీక్షలు, నడుము కొలత డాక్టర్ చేత రాయించి మళ్ళీ చూడమని అడగండి. ఆ మెషీన్ ఒంట్లోకి చిన్న కరెంటు పంపి ఎంత అడ్డు తగిలిందో చూసి లెక్క కడుతుంది. ఒంట్లో నీళ్ళు ఎంత ఉన్నాయన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది, చెమట పట్టాక ఒకటి, లీటరు నీళ్ళు తాగాక ఇంకొకటి. ఒకే మెషీన్ మీద, ఒకే వేళకి, నెలకోసారి చూసుకుంటే అటు పోతోందా ఇటు పోతోందా తెలుస్తుంది. ఒక్కరోజు అంకె పట్టుకుని బాధపడకండి, సంబరపడకండి.

2025 జనవరిలో లాన్సెట్ నియమించిన నిపుణుల బృందం కూడా ఇదే దారి పట్టింది. బీఎంఐ ఒక్కటే చూసి ఊబకాయం జబ్బు అని తేల్చొద్దు, నడుము కొలతో కొవ్వు కొలతో తోడు ఉండాలి, దానివల్ల అవయవాలు దెబ్బతిన్నాయా లేదా విడిగా చూడాలి అని.

గోదారిగట్టు
ఇప్పుడే కొలుచుకున్నాను. మూడుసార్లు. 94, 93, 93.

నా ఎత్తులో సగం 85. పరగడుపు షుగర్ క్యాంపు కాగితంలో 108 అని ఉంది, ఆరోజు ఆ ఎర్ర పెన్ను గొడవలో దాన్ని సరిగ్గా చూడనే లేదు. చాలాసేపు అలా కూర్చుండిపోయాను. ఇప్పుడు ఏం చెయ్యాలి? ఎన్ని కేజీలు తగ్గాలి?

పీహెచ్‌సీ_డాక్టర్
కంగారు పడకండి, మీరు సరైన టైమ్‌లో చూసుకున్నారు. 100 నుంచి 125 మధ్య అంటే షుగర్ గడప దగ్గర ఉన్నట్టు. మూడు నెలల షుగర్, లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష), కాలేయం పరీక్షలు చేయించుకుని, బీపీ చూపించుకుని మీ డాక్టర్‌ని కలవండి.

కేజీల గురించి అడిగారు కాబట్టి చెబుతాను. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం మీలాగే గడప దగ్గరున్న 531 మందిని మూడేళ్ళు గమనించింది. నడక, తిండి మార్పు చేసినవాళ్ళలో షుగర్‌గా మారే ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ళ బరువు మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు! 2006లో వచ్చిందిది. ఈ అధ్యయనం గురించి నా పేషెంట్లకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, ఎందుకంటే రెండు నెలలు నడిచి, బరువు తగ్గలేదని నడక మానేసేవాళ్ళే ఎక్కువ. అంకె కదలకపోయినా లోపల పని జరుగుతూనే ఉంటుంది. బరువు కూడా ఓ నాలుగైదు కేజీలు తగ్గితే మరీ మంచిది, కానీ దాన్ని పరీక్షలో మార్కులా చూడకండి.

తిండి విషయంలో అన్నం మానమని నేను చెప్పను. మన కంచంలో అన్నం కొండలా, కూర నంచుకోవడానికన్నట్టు ఉంటుంది. దాన్ని తిరగెయ్యండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతానికి మించొద్దని ఉంది, మనలో చాలామందికి అంతకంటే బాగా ఎక్కువ వస్తుంది. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం కలుపుకోండి. రాత్రి భోజనం ఎనిమిదికి అయ్యేలా చూసుకోండి, తిన్నాక ఓ పావుగంట వీధిలో నడవండి. వారంలో రెండు మూడు రోజులు గుంజీళ్ళు, గోడకి చేతులానించి తీసే దండీలు, ఇవి కండ కోసం. మన ఒళ్ళలో కండ తక్కువ, అది పెరిగితే షుగర్ అక్కడికి పోతుంది.

ఉక్కునగరం
కండ గురించి అయితే నేను చెబుతాను బ్రదర్, జిమ్ అక్కర్లేదు. కుర్చీలో కూర్చుని లేవడం పదిసార్లు, మూడు విడతలు, దాంతో మొదలుపెట్టండి. అనుమానం వస్తే ఇక్కడే అడగండి, రోజూ చూస్తుంటాను.

సూర్యాపేట_రైతుబిడ్డ
నాయనని ఇయ్యాల తీసుకపోయిన. షుగర్ 290 ఉంది. ఎక్స్‌రే కూడా తీసిండ్రు, అది క్లియరే. మందులు రాసిండ్రు, పదిహేను రోజులకి మల్ల రమ్మన్నరు. మీరు చెప్పకపోతే ఫస్ట్ క్లాస్ అనుకొనే ఉంటుంటిమి డాక్టర్ సాబ్.

గోదారిగట్టు
చాలా మంచి పని చేశావు తమ్ముడూ.

నా సంగతి, మూడు నెలల షుగర్ 5.9 వచ్చింది. డాక్టర్ మందు రాయలేదు, మూడు నెలలు చూద్దామన్నారు. పక్క సీటు అతన్ని కూడా వెంట తీసుకెళ్ళాను, అతనికి 6.3. ఇద్దరం మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆఫీసు మేడమెట్లు ఎక్కి దిగుతున్నాం.

రాత్రి అన్నయ్యకి మళ్ళీ ఫోన్ చేశాను. వాళ్ళింట్లో టేపు లేదన్నాడు. దారంతో కొలిచి ఆ దారాన్ని స్కేలు మీద పెట్టి చూడమన్నాను. వదిన పట్టుకుని కొలిచింది. 97. కాసేపు ఇద్దరూ ఏం మాట్లాడలేదు. పొద్దున్న మెసేజ్ పెట్టాడు, గురువారం అపాయింట్‌మెంట్ దొరికిందట.